రిలీవర్‌కు చెప్పే రెండు ముక్కలు

పరిశోధన కోసం ఆ అమ్మాయి మొదటిసారి మా ప్లాంటుకు వచ్చినప్పుడు నేను చెప్పిన జవాబుల్లో సగం అబద్ధాలు. మిగతా సగం నిజాలే గానీ, ఎవరికీ పనికిరానివి.

నేను జీడిమెట్ల పారిశ్రామికవాడలో మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని. బీఫార్మసీ అయినప్పటి నుంచీ, అంటే 19 ఏళ్లుగా, ఇదే పని: పొడిని రేణువులుగా కట్టే గ్రాన్యులేషన్, వాటిని మాత్రలుగా నొక్కే కంప్రెషన్, పైన పూత వేసే కోటింగ్. పొద్దున 6 నుంచి 2 ఏ షిఫ్ట్, 2 నుంచి 10 బి షిఫ్ట్, రాత్రి 10 నుంచి 6 సి షిఫ్ట్. ఈ మూడింటి మధ్యే పెళ్లయింది, పిల్లలు పుట్టారు, జుట్టు తెల్లబడింది.

2022 చివర్లో నగరంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసర్ మేడమ్, ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒక స్కాలర్ వచ్చారు. షిఫ్ట్ మారేటప్పుడు పని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎలా వెళ్తుంది, దారిలో ఏం జారిపోతుంది అన్నది వాళ్ల విషయం. మా ఆపరేషన్స్ హెడ్ ఒకప్పుడు మేడమ్ దగ్గర చదువుకున్నాడట. అందుకే గేటు తెరుచుకుంది. నన్ను ‘ప్లాంట్ తరఫు మనిషి’గా పెట్టారు. ఎందుకు నన్నే అంటే, ఆ నెల నాకు జనరల్ షిఫ్ట్ పడింది, అంతే.

మొదట వచ్చింది ప్రశ్నపత్రం. 60కి పైగా ప్రశ్నలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేయాలి. ‘మీ సంస్థయందు పాళీ బదిలీ సమయమున సమాచార వినిమయం సమగ్రముగా జరుగునని మీరు అంగీకరించెదరా?’ ఇలాంటి తెలుగు. పాళీ అంటే కలం పాళీ అనుకున్నాడు మా హెల్పర్ ఒకడు. అతని తప్పేం లేదు. ఏరియాలో, అంటే మెషిన్లుండే చోట, షిఫ్ట్‌ని షిఫ్టే అంటాం, పని అందుకోవడానికి వచ్చేవాణ్ని రిలీవర్ అంటాం. ‘రిలీవర్ వచ్చిండా?’ అన్నది మా ప్లాంట్‌లో రోజుకు మూడుసార్లు మోగే మంత్రం. పైగా ఆ ఫారాలు సేకరించి కవర్లో పెట్టింది హెచ్‌ఆర్ వాళ్లు. ఇంకేముంది, అందరూ వరసగా 4 వేసి ఇచ్చారు. 5 వేస్తే మరీ అతి అనుకుంటారని 4. నేనూ అంతే.

ఆ లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, స్కాలర్ రెండు నెలలకు తిరిగొచ్చింది. “సార్, మీ ప్లాంట్‌లో అసలు సమస్యే లేదు” అంది. ఆ గొంతులో వెటకారం ఉందో నిరాశ ఉందో నాకు అర్థం కాలేదు. తల ఊపాను.

ఈలోగా ఒప్పందం కాగితాలు నడుస్తున్నాయి. వాటికి ఐదు నెలలు పట్టింది. మా లీగల్ వాళ్లు అన్నిటికీ గోప్యత అన్నారు, యూనివర్సిటీ వాళ్లు ప్రచురించే హక్కు మాదే అన్నారు. చివరికి పేపర్ బయటికి వెళ్లేముందు 30 రోజులు కంపెనీ చూడొచ్చు, వ్యాపార రహస్యాలు ఉంటే తీయించొచ్చు, ఫలితాల జోలికి మాత్రం రాకూడదు అని కుదిరింది. ఆ ఆఖరి ముక్క కోసం మేడమ్ మూడుసార్లు ఫైలు వెనక్కి పంపారు. అప్పుడు నాకు చాదస్తం అనిపించింది.

తర్వాత అసలు చిక్కు వచ్చింది. బయటివాళ్లకు నవ్వులాటగా ఉంటుందేమో గానీ, మందుల ప్లాంట్ ఏరియాలోకి విడి కాగితం తీసుకెళ్లకూడదు. చిన్న చీటీ ముక్క దొరికినా ఆడిట్‌లో అది పెద్ద తప్పే. రాసేదంతా క్యూఏ, అంటే నాణ్యత చూసే విభాగం, నంబరు వేసి ఇచ్చిన కాగితం మీదే రాయాలి, చింపకూడదు, కొట్టివేస్తే సంతకం పెట్టాలి. ఫోన్ ఎలాగూ లోపలికి రాదు. మరి చూసింది రాసుకోవడమే పనిగా వచ్చిన మనిషి ఏం చేయాలి? క్యూఏ వాళ్లు ఉపాయం చెప్పారు: పేజీలకు నంబర్లు వేసి ఒక నోట్‌బుక్ ఇస్తాం, రోజూ సాయంత్రం మాకు అప్పజెప్పాలి అని. స్కాలర్ ఒప్పుకోలేదు. “ఆపరేటర్లు చెప్పింది మీ అల్మారాలో పెట్టుకుంటే, వాళ్లు నాకేం చెప్తారు సార్?” అంది. రెండు వారాలు పని ఆగిపోయింది. కడకు తేలిందేమిటంటే, ఆ అమ్మాయి లోపల వట్టి కళ్లతో చూడాలి, బయటికొచ్చి గౌన్ విప్పి, క్యాంటీన్‌లో కూర్చుని గుర్తున్నంత రాసుకోవాలి. గాజులు, బొట్టు, చెవులకున్నవి అన్నీ తీసి, తల నుంచి కాళ్ల దాకా తెల్ల గౌన్‌లో నిలబడితే మా వాళ్లకు ఆవిడెవరో కూడా తెలిసేది కాదు. ఒకడైతే కొత్త ట్రైనీ అనుకుని డ్రమ్ము పట్టమన్నాడు. పట్టింది కూడా.

ఆ డ్రమ్ము వల్లే సగం పని జరిగిందని ఇప్పటికీ అనుకుంటాను.

2023 జూలై చివరి వారం. నగరమంతా వాన. ఆ పొద్దున సి షిఫ్ట్ నుంచి ఏ షిఫ్ట్‌కు అప్పగింత చూడాలని ఆ అమ్మాయి 5:30కే వచ్చి కూర్చుంది. కంప్రెషన్ రిలీవర్ గండిమైసమ్మ దగ్గర నీళ్లలో ఇరుక్కుపోయాడు. మా కంపెనీ బస్సేమో షిఫ్ట్ అయ్యాక పది నిమిషాలకే కదిలిపోతుంది. అది తప్పితే ఆ వానలో ఇంటికెళ్లే దారి లేదు. రాత్రి ఆపరేటర్ మెషిన్ ఆపి, లాగ్‌బుక్ నింపి, సంతకం పెట్టి, బస్సెక్కాడు. రిలీవర్ 6:40కి తడిసి ముద్దై వచ్చాడు. లాగ్‌బుక్ చూశాడు. ‘మెషిన్ రన్నింగ్ ఓకే’ అని ఉంది. సరే అని ఎప్పటి స్పీడుకు పెంచాడు.

అరగంటలో మాత్రను నొక్కే పంచ్‌లకు పొడి అంటుకుంది. మాత్ర మీద చెక్కినట్టు ఉండాల్సిన అక్షరం సగం లేచిపోయింది. మెషిన్ ఆపి, పంచ్‌లు విప్పి, తుడిచి, పాలిష్ పట్టి, అప్పటికి పడ్డ మాత్రలు వేరుచేసి, జరిగిన తేడా మీద డీవియేషన్ రిపోర్ట్ రాసి... మళ్లీ మొదలయ్యేసరికి 10 దాటింది. రాత్రి బీఎంఆర్‌లో, అంటే ఆ బ్యాచ్ తయారీ రికార్డులో, స్పీడు అంకె రాసే ఉంది, మామూలు కన్నా తక్కువ. ఎందుకు తగ్గించాడో మాత్రం లేదు. రాయాల్సిన గడి కూడా లేదు. వాన తేమకు గ్రాన్యూల్స్ కాస్త మెత్తబడ్డాయని, నెమ్మదిగా నడిపితేనే నిలుస్తోందని అతనికి తెలుసు. రిలీవర్ టైముకు వచ్చుంటే చేంజ్ రూమ్‌లో చెప్పులు మార్చుకుంటూ ఆ రెండు ముక్కలు చెవిన వేసి పోయేవాడు.

స్కాలర్ అంతా చూసింది. “రాత్రి షిఫ్ట్‌కు ముందే తెలుసు కదా?” అని అడిగింది. తేలు కుట్టిన దొంగల్లా ఒక్కరం నోరు విప్పలేదు. నేనే మెల్లగా అన్నాను: “ఇక్కడ కాదమ్మా. రెండింటికి షిఫ్ట్ దిగాక షాపూర్‌నగర్‌లో చాయ్ తాగుదాం.”

ఆ చాయ్ బండి దగ్గర మాకో పెద్దమనిషి ఉన్నాడు. కంప్రెషన్‌లో అందరికన్నా సీనియర్, అందరూ ‘మామ’ అంటారు. చప్పుడు విని, మెషిన్‌లో ఏది అరిగిందో చెప్పగల మనిషి. ఆయన తేల్చేశాడు. “రాసుడు మంచిదే బిడ్డా. గాని రాసినోడే దొరుకుతడు. జరంత అనుమానంగుంది అని రాసిననుకో, రేపు క్యూఏ అడుగుతది, అనుమానముంటే ఎందుకు ఆపలే? ఆపితే ప్రొడక్షన్ అడుగుతది, ఎవన్నడిగి ఆపినవ్? గందుకే నోట్ల చెప్తం, చేత్తోని రాయం.”

మా రంగంలో ఒక మాట ఉంది: రాయనిది జరగనట్టే. ఇన్‌స్పెక్టర్ల ముందు కాగితమే సాక్ష్యం కాబట్టి ఆ నియమం ఉండాల్సిందే, దాని మీద నాకు అభ్యంతరం లేదు. కానీ కాగితం సాక్ష్యం అయిపోయాక దాని మీద ఎవరూ సందేహాలు రాయరు. సాక్ష్యం చెప్పేవాడు ‘అనిపించింది’ అనడు కదా. మాకు పని నడిపించేది ఆ ‘అనిపించింది’ అన్న ముక్కే. 19 ఏళ్లుగా చేస్తున్న పనే గానీ, ఆ మధ్యాహ్నం దాకా నాకది ఇలా మాటల్లో తట్టలేదు.

స్కాలర్ అప్పుడొక సంగతి చెప్పింది. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక మీద పగలు ఒక పంపు సేఫ్టీ వాల్వ్ విప్పి మరమ్మతుకు పంపారట. ఆ పంపు వాడకూడదన్న కాగితం ఉంది గానీ, సంగతి రాత్రి షిఫ్ట్ వాళ్ల చెవిన పడలేదు. రెండో పంపు ఆగిపోతే దీన్ని నడిపారు. గ్యాస్ కారింది, పేలింది, 167 మంది పోయారు. మామ గ్లాసు కింద పెట్టి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, “కాయితం ఉండె గదా?” ఉంది మామా అంది. “మరి” అని ఊరుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి మేడమ్‌కు ఫోన్ చేసి ప్రశ్న మార్చాలంది. లాగ్‌బుక్ ఎంత సమగ్రంగా ఉంది అని కాదు, నోటితో చెప్పి చేత్తో రాయనివి ఏవి, ఎందుకు రాయరు అని. అప్పటికి పీహెచ్‌డీలో రెండేళ్లు గడిచాయి. లెక్కలు కట్టిన 60 ప్రశ్నలూ గంగలో కలిశాయి. మేడమ్ ఒప్పుకున్నారు. పరిశోధకులంటే నాకు గౌరవం కలిగింది ఆ రోజే. మా దగ్గరైతే అంత ఖర్చుపెట్టిన బ్యాచ్‌ని అలా పారబోయడానికి ఎవరికి చేతులొస్తాయి?

మేడమ్ ఆ తర్వాత మా మీటింగ్‌లో ఒక పాత కథ చెప్పారు. 1953లో లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఏ.కె. రైస్ అనే ఆయన అహ్మదాబాద్ కాలికో మిల్లుకు వచ్చాడు. ఆటోమేటిక్ మగ్గాల షెడ్డులో ఒక్కో పని ఒక్కొక్కరికి విడగొట్టి ఇచ్చారు, ఎవరి గోల వారిది. కొన్ని మగ్గాలు కలిపి ఒక జట్టుకు ఇస్తే ఎలా ఉంటుంది అన్నాడాయన. ఆలోచన ఆయనదే, జట్లు కట్టుకున్నది మాత్రం నేతపనివాళ్లే. ఈ కథ మా వాళ్లకు నచ్చింది. ఆసుపత్రుల కథ మాత్రం పారలేదు. అమెరికా, కెనడాల్లో 9 ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో డ్యూటీ డాక్టర్లు రోగుల్ని అప్పగించే పద్ధతి మార్చితే వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో అచ్చయిన అధ్యయనం అది. మా ప్లాంట్ హెడ్ “మనది ఆసుపత్రి కాదు కదా మేడమ్” అని టీ తాగేశాడు.

నాకు అసలు కష్టం మొదలైంది ఆ తర్వాతే. స్కాలర్ ఒక్కొక్కరితో విడిగా, ప్లాంట్ బయట మాట్లాడటం మొదలుపెట్టింది. ఈసారి సమ్మతి పత్రం మామూలు తెలుగులో రాశాం, నేనూ మామా కూర్చుని దిద్దాం. ‘ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు’ అన్న వాక్యం దగ్గర మామ ఆగి, “ఎవరూ ఏమీ అనరు అని నువ్వెట్ల జెప్తవ్?” అన్నాడు. ‘మీ పేరు మేం ఎవరికీ చెప్పం’ అని మార్చాం. చేతిలో ఉన్న హామీ అంతే కదా.

నాలుగో నెలలో హెచ్‌ఆర్ నుంచి ఒకాయన నన్ను పిలిచి, నెమ్మదిగా, కుర్చీ చూపించి మరీ అడిగాడు: “వానల్లో ఆ డీవియేషన్ ఉంది కదా, దాని గురించి ఆ అమ్మాయికి చెప్పిందెవరు?” నాకు చెమటలు పట్టాయి. చెప్పింది నేనే. మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ మరునాడే మెయిల్ పెట్టారు: పేర్లు ఇవ్వం, యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీకి మాట ఇచ్చాం, ఒత్తిడి వస్తే అధ్యయనమే ఆపేస్తాం అని. ఐదు నెలల చాదస్తం విలువ అప్పుడు తెలిసింది. హెచ్‌ఆర్ మళ్లీ అడగలేదు. కానీ ఏరియాలో ఇద్దరు ముగ్గురు నేను వస్తే మాట మార్చడం మొదలుపెట్టారు. ‘మేడమ్ మనిషి’ అన్నారట. పై వాళ్లకేమో నేను ఆపరేటర్ల మనిషిని. ఇంట్లో మా ఆవిడ అడిగింది, “దీనికి నీకేమైనా ఇస్తారా?” అని. ఏమీ ఇవ్వరన్నాను. “మరి కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అంది.

మార్పులు ప్రయత్నించాం. మొదటిది, లాగ్‌బుక్‌లో ‘గమనించాల్సినవి’ అని ఒక గడి. క్యూఏ ఒప్పుకోవడానికి ఎన్ని మీటింగులో! రాసిన ప్రతిదాన్నీ మేం పరిశీలించాలి కదా అంటారు వాళ్లు, అదీ నిజమే. చివరికి గడి వచ్చింది. మొదటి వారం జనం భలే రాశారు. మూడో వారానికి అందరూ ‘నిల్’. నెల తిరిగేసరికి షిఫ్ట్ మొదలవ్వకముందే నిల్ రాసి పెట్టుకుంటున్నారు. రాసినోడే దొరుకుతడన్న మామ మాట గడి మార్చినంత మాత్రాన మారుతుందా?

రెండోది బస్సు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. స్కాలర్ నెలంతా చేంజ్ రూమ్ బయట నిలబడి చూసి కనిపెట్టింది: మా వాళ్లు రిలీవర్‌తో మాట్లాడనిది నిర్లక్ష్యంతో కాదు, బస్సు తప్పుతుందని. బస్సు ఇంకో పావుగంట ఆగాలి, గదికి ఒక్కరు మెషిన్ దగ్గరే నిలబడి అప్పగించాలి అని అడిగాం. అకౌంట్స్ వాళ్లు ఎగిరి పడ్డారు. అప్పటి ఫ్యాక్టరీల చట్టం, 1948 ప్రకారం వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి, ప్లాంట్ మొత్తానికి పావుగంట అంటే మాటలా అని. లెక్క వేస్తే గదికి ఒక్కరి చొప్పున పెద్ద మొత్తమేం కాదని తేలింది. బస్సు ఆగింది. మెషిన్ పక్కన, దాని మీద చెయ్యి వేసి చూపిస్తూ చెప్తే మాట ఎలా మారిపోతుందో నేను చూశాను. చేంజ్ రూమ్‌లో ‘కొంచెం తడిగా ఉందన్నా’ అనేవాడు, మెషిన్ దగ్గర ‘ఇగో ఈ పంచ్ చూడు’ అంటున్నాడు.

దీనివల్ల ఎంత మేలు జరిగింది, ఎన్ని డీవియేషన్లు తగ్గాయి అని మా ప్లాంట్ హెడ్ మేడమ్‌ను అడిగాడు. ఒక్క ప్లాంట్, ఆరు నెలలు, మధ్యలో ప్రోడక్ట్‌లు మారాయి, పైగా ఎవరో చూస్తున్నారని తెలిస్తేనే జనం కొన్నాళ్లు బాగా పనిచేస్తారు, కాబట్టి చెప్పలేం అన్నారావిడ. ఆయన మొహం వాడిపోయింది. వాళ్లకు సరిగ్గా చెప్పడం ముఖ్యం, ఈయనకు వచ్చే వారం రివ్యూలో చూపించడానికి ఒక అంకె ముఖ్యం. మధ్యలో నేను ఇద్దరికీ సంజాయిషీలు చెప్పుకుంటూ తిరిగాను.

పేపర్ రాసేటప్పుడు మేడమ్ నా పేరు కూడా రచయితల్లో పెడతామన్నారు. ప్రశ్న మారింది నీ వల్ల, ఫలితాల మీద నీతో వాదించాం, డ్రాఫ్ట్ దిద్దావు, హక్కు ఉంది అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషానికి. బీఫార్మసీలో బొటాబొటి మార్కులతో బయటపడ్డవాణ్ని, అంతర్జాతీయ పత్రికలో పేరు! మరునాడు బస్సులో వెళ్తుంటే తట్టింది. పేపర్‌లో కంపెనీ పేరు ఉండదు, ‘దక్షిణ భారతంలోని ఒక ఔషధ కర్మాగారం’ అని మాత్రమే ఉంటుంది. కానీ నా పేరు ఉంటే? ఎవరైనా ఒక్క నిమిషంలో వెతికి నేను ఎక్కడ పనిచేస్తానో చూస్తారు. నేను తెలిస్తే ప్లాంట్ తెలుస్తుంది. ప్లాంట్ తెలిస్తే, పేపర్‌లో ‘30 ఏళ్ల అనుభవమున్న కంప్రెషన్ ఆపరేటర్’ ఎవరో మా గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చెప్తాడు.

పేరు తీసేయమన్నాను. మేడమ్ బాధపడ్డారు, వద్దన్నారు, ఆఖరికి ఒప్పుకున్నారు. చివర్న కృతజ్ఞతల్లో ‘పేరు చెప్పడానికి వీలులేని ఒక షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు’ అని ఉంది. మా అమ్మాయికి చూపిస్తే, “నువ్వే అని రుజువేంటి నాన్నా?” అంది. లేదు. బాధ లేదని చెప్పను. అదే పరిశోధనతో స్కాలర్‌కు డాక్టరేట్ వస్తుంది, మేడమ్ ఖాతాలో ఇంకో పేపర్ చేరుతుంది. మా లాంటివాళ్లకు దక్కడానికి ఏం ఉందో ఆ లోకంలో ఇంకా ఎవరూ సరిగ్గా ఆలోచించినట్టు లేదు. వాళ్లను తప్పుపట్టడం లేదు, ఉన్న మాట చెప్తున్నాను.

పేపర్ వచ్చాక ఆ అమ్మాయి ప్రింటు తీసుకుని షాపూర్‌నగర్ వచ్చింది. మామ చదివి వినిపించమన్నాడు. ఇంగ్లిష్‌లో ఉన్నదాన్ని అక్కడికక్కడే తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ఆయన మాటలున్న చోట ఆపి, ఇది మీరన్నదే అని చూపించింది. సందేహాన్ని రాసినవాడి మీదే బాధ్యత పడుతుంది కాబట్టి రాయడానికి వెనకాడతారు, అని ఉందట అక్కడ.

“నేనట్ల అన్లే” అన్నాడు మామ. “రాసినోడే దొరుకుతడు అన్న.”

“రెండూ ఒకటే కదా మామా.”

“ఒకటెట్లయితది? బాధ్యత అంటే మంచిదే గద. నేను దొరుకుడు గురించి చెప్పిన.”

ఆ అమ్మాయి కాసేపు ఆ వాక్యం వంక చూసింది. తర్వాత బ్యాగులోంచి పెన్ను తీసి, ప్రింటు అంచున ఆయన మాట ఆయన అన్నట్టే రాసుకుంది. థీసిస్‌లోనైనా సరిచేస్తానంది. మామ ఇంకో చాయ్ చెప్పాడు. బి షిఫ్ట్ బస్సు వచ్చే టైమైంది.